కౌంటర్ ముందు మూగబోయిన మాట

అందరికీ నమస్కారం.

సంస్కృతి అనగానే కళాభారతిలో కచేరీయో, విశాఖ ఉత్సవమో గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక కౌంటర్ గుర్తొస్తుంది.

చిన్నప్పుడు అమ్మతో ఒక ఆఫీసుకి వెళ్లాను. రేషన్ కార్డులో పేరు తప్పు పడింది. "బాబూ, కాసింత బేగి సూడండి" అంది అమ్మ. కౌంటర్లో ఉన్నాయన, త్వరగా అనడానికి మేం వాడే ఆ 'బేగి'ని సాగదీసి పలికి, పక్కాయన వైపు చూసి నవ్వాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధి కుళాయి దగ్గర ఆవిడ నోటికి ఎదురే లేదు. అలాంటి మనిషి ఆ తర్వాత ఏ ఆఫీసుకెళ్లినా "నువ్వే మాట్లాడు నాన్నా" అనేది.

ఎవరి మాట చెవిన పెడతాం, ఎవరి మాటకు నవ్వుతాం అన్నచోటే రాజకీయం మొదలైపోతుంది. ఓటు ఆ తర్వాతి సంగతి. కౌంటర్ దగ్గర నోరు మూయించిన మనిషి వార్డు సభలో నోరెలా తెరుస్తుంది? మన సినిమాలు ఏళ్ల తరబడి ఈ ఉత్తరాంధ్ర యాసని నవ్వించే పాత్రలకే ఇచ్చాయి. సరదాకే కదా అంటారు. నేను ఒప్పుకోను.

అదే యాస ప్రజాకవి, గాయకుడు వంగపండు ప్రసాదరావు గొంతులో ఎలా పలికిందో తెలుసు కదా! పెదబొండపల్లిలో పుట్టి, మన షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. 'ఎల్దం' అన్న మాటని 'వెళ్దాం' అని దిద్దకుండా గజ్జె కట్టి పాడారు. కూలి జనం తమ ఇంటి మాట వేదికెక్కడం విన్నారు. అంతకు చాలా ముందే గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆ సభల్లో ఒక్క సవర మాటైనా వినిపించకపోతే నాకు బాధేస్తుంది.

"విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" 1966 నాటి నినాదం. పసివాళ్ల నోట కూడా నిలిచే ప్రాస. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటు అమ్మకానికి సిద్ధపడితే, కొత్త నినాదం వెతుక్కోవలసిన పనే లేకపోయింది. కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో ఒక సాయంత్రం నిర్వాసితుల ఊరి ముసలమ్మ మైకు పట్టుకుంది. "బూములిచ్చినోల్లం మేం. మమ్మల్నడక్కుండా ఎలగమ్మేస్తారు?" అంది. ఎవరూ నవ్వలేదు. వెనక టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పక్కన పెట్టి ముందుకొచ్చారు. అప్పటికి మా అమ్మ లేదు.

ఇక మైకు మీకిస్తాను. ముందు ఆ వెనక వరసలో కూర్చున్న అమ్మలకి. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి.