రెండు తీగల ఫోను: ప్లగ్గు పెట్టడం నుంచి గరగర పోగొట్టడం దాకా

హోస్ట్: నమస్కారం. ఇవాళ మాట్లాడేది వైరున్న ఇంటి ఫోను గురించి. స్ప్రింగు వైరుకి రిసీవర్ ఉండి, బల్ల మీదో గోడకో ఉండేది. కొత్తగా కొనేవాళ్ళూ ఉన్నారు, అటక మీద ఉన్నదాన్ని దుమ్ము దులిపి దించేవాళ్ళూ ఉన్నారు. ల్యాండ్‌లైన్ పనిలో ఆరితేరిన టెక్నీషియన్ మనతో ఉన్నారు. అన్నా, పెట్టె విప్పితే లోపల ఏమేం ఉండాలి?

టెక్నీషియన్: పెద్దగా ఏమీ ఉండవు మేడమ్. ఫోను, రిసీవర్, రెండు వైర్లు. మెలికల వైరు రిసీవర్‌కి, చదునుగా ఉన్న వైరు గోడకి. గోడకి తగిలించే మోడల్ అయితే జానెడు కూడా లేని పొట్టి వైరు ఇంకోటి ఇస్తారు. చాలామంది అట్టపెట్టె తిరగేసి మరీ ఛార్జర్ కోసం వెతుకుతారు. మామూలు వైరు ఫోనుకి అది ఉండదు.

హోస్ట్: కరెంటు లైనులోంచే వస్తుంది కాబట్టి.

టెక్నీషియన్: అవును. రిసీవర్ పెట్టేసి ఉన్నప్పుడు ఆ రెండు తీగల మధ్య సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది. రిసీవర్ ఎత్తగానే ఫోను లోపల సర్క్యూటు కలుస్తుంది, 20 నుంచి 40 మిల్లీయాంపియర్ల కరెంటు పారుతుంది, ఫోను దగ్గర వోల్టేజీ 10 లోపుకి దిగుతుంది. ఎక్స్ఛేంజీ ఆ కరెంటును గమనించి డయల్ టోన్ వదులుతుంది, అంటే ఇక నంబరు కొట్టొచ్చని చెప్పే శబ్దం. అంటే టోన్ వినపడిందంటే తీగలు బాగున్నాయి, లైను బతికే ఉంది, ఇయర్‌పీసు పనిచేస్తోంది. ఒక్క శబ్దంతో మూడు సంగతులు తేలిపోతాయి. అందుకే ఏ సమస్య వచ్చినా నేను ముందు అడిగేది, "టోన్ వస్తోందా?" అనే.

హోస్ట్: 48 వోల్టులే కదా అని గోడ బాక్సు విప్పి తీగలు పట్టుకోవచ్చా?

టెక్నీషియన్: వద్దు. ఆ క్షణంలోనే ఎవరైనా ఫోన్ చేశారనుకోండి, గంట మోగించడానికి 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది. గట్టిగానే కొడుతుంది. బయటి లైను ఇంట్లోకి వచ్చే పెట్టె దగ్గర విడదీశాకే చెయ్యి పెట్టాలి.

హోస్ట్: సరే, కనెక్షన్. ప్లగ్గులు రెండూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడే తికమక.

టెక్నీషియన్: ఒకేలా ఉండవు, పక్కపక్కన పెట్టి చూడండి. గోడ వైరు ప్లగ్గు వెడల్పు, ఆరు గాళ్ళు ఉంటాయి. దాన్నే ఆర్‌జే11 అంటారు. ఒక్క లైనుకి మధ్య రెండు గాళ్ళే పనిచేస్తాయి. రిసీవర్ వైరు ప్లగ్గు సన్నం, నాలుగే గాళ్ళు. సన్నదాన్ని వెడల్పు సాకెట్లో పెడితే లోపలికి పోతుంది కానీ వదులుగా ఉంటుంది, పక్క పిన్నులు వంగిపోతాయి కూడా. కొన్ని దేశాల్లో గోడ సాకెట్ ఆకారమే వేరు, అక్కడ దానికి తగ్గ వైరు కావాలి.

ముందు మెలికల వైరు ఒక కొస రిసీవర్‌కి, ఇంకో కొస ఫోను పక్కన. ఫోను వెనకో అడుగునో ఉన్న సాకెట్లో గోడ వైరు, చివరికి గోడలో. ప్రతి చోటా 'టిక్' మని వినపడాలి. తర్వాత మెల్లగా లాగి చూడండి. ఊడొచ్చిందంటే ప్లగ్గు మీది చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగినట్టు. దానికి టేపు చుట్టి సర్దుకోవద్దు, వైరే మార్చేయండి.

హోస్ట్: టోన్ వచ్చింది. ఇక నంబరు కొట్టడమేనా?

టెక్నీషియన్: ఒక్క అంకె నొక్కి ఆగండి. టోన్ ఆగిపోవాలి. ఆగకపోతే ఆ అంకె అవతలికి చేరలేదన్నమాట. అప్పుడు ఫోను పక్కనో అడుగునో ఉన్న చిన్న స్విచ్ చూడండి, 'టోన్, పల్స్' అనో, ఒట్టి 'టీ, పీ' అనో రాసి ఉంటుంది. అది టోన్ మీద ఉండాలి.

హోస్ట్: ఆ రెంటికీ తేడా చెప్పండి. బటన్ ఫోనుకి పల్స్ ఎందుకనుకుంటారు చాలామంది.

టెక్నీషియన్: పల్స్ పాత చక్రం ఫోన్ల పద్ధతి. లైను కరెంటును తెంపి కలపడమే. సెకనుకి దాదాపు పదిసార్లు. 3 అంటే మూడుసార్లు తెంపడం, సున్నా అంటే పదిసార్లు. నొక్కాక టకటక వినిపిస్తే పల్స్ మీద ఉన్నట్టే. టోన్ పద్ధతి 1963లో అమెరికాలో మొదలైంది. ఒక్కో బటన్ రెండు స్వరాలు కలిపి పంపుతుంది, అడ్డ వరసకి ఒకటి, నిలువు వరసకి ఒకటి. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌లు కలిసి వెళ్తాయి. "ఫలానాదానికి 1 నొక్కండి" అనే రికార్డు గొంతులకి అర్థమయ్యేది ఇదే. లైను పల్స్ మాత్రమే తీసుకునేదైతే చాలా ఫోన్లలో కాల్ కలిశాక స్టార్ నొక్కితే ఆ కాల్ వరకు టోన్‌లోకి మారుతుంది.

హోస్ట్: స్విచ్ టోన్ మీదే ఉన్నా అంకెలు పోవట్లేదు, అప్పుడు?

టెక్నీషియన్: బాగా పాత బటన్ ఫోనైతే రెండు తీగలూ అటుదిటు అయ్యాయేమో చూడాలి. మాట వినిపిస్తుంది, టోన్ ఉంటుంది, బటన్లు మాత్రం మూగవి. తీగలు తారుమారు చేస్తే సరి. ఇప్పటి ఫోన్లకి ఎటు పెట్టినా ఒకటే, కరెంటు ఎటునుంచి వచ్చినా ఒకే దిక్కుకి మళ్ళించే రెక్టిఫైయర్ లోపల ఉంటుంది.

హోస్ట్: ఇప్పుడు చాలా ఇళ్ళలో రాగి లైనే లేదు. ఫైబర్ పెట్టె ఉంది, దాని వెనక సాకెట్లు వరసగా ఉంటాయి.

టెక్నీషియన్: వాటిలో 'టెల్' అనో 'ఫోన్' అనో రాసి ఉన్నదాంట్లో పెట్టాలి. పక్కనే ఉన్న ల్యాన్ సాకెట్లు, అంటే ఇంటర్నెట్ వైరు పెట్టేవి, వెడల్పు ఎక్కువ, ఫోను ప్లగ్గు వాటిలో దూరుతుంది. దూరింది కదా అని వదిలేస్తే టోన్ రాదు, పైగా ఆ చివరి పిన్నులు నలుగుతాయి. సరైన సాకెట్లోనే పెట్టినా టోన్ రాలేదా, ఫోను గుర్తు పక్కన దీపం చూడండి. అది వెలగకపోతే సర్వీసు ఇంకా ఆన్ కాలేదని, తప్పు మీ ఫోనుది కాదు.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. రాగి లైనుకి కరెంటు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి వస్తుంది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా ఫోను పనిచేస్తుంది. ఫైబర్ పెట్టెతో ఆ భరోసా లేదు. పెట్టె ఆరిపోతే ఫోనూ ఆరిపోతుంది. కరెంటు పోయినప్పుడు కూడా ఫోను కావాలంటే ఆ పెట్టెకి బ్యాటరీ బ్యాకప్ పెట్టాలి, ఇంటర్నెట్‌కి మోడెమ్ వేరేగా ఉండి, ఫోన్ సాకెట్ ఆ పెట్టెలోనే ఉంటే పెట్టె ఒక్కదానికి చాలు. వైరు ఫోను కొంటే చాలు, కరెంటు పోయినా దిగుల్లేదు అనుకునేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

హోస్ట్: ఆ పెట్టెలోంచి ఇంట్లో పాత గోడ సాకెట్లన్నిటికీ లైను ఇవ్వొచ్చా?

టెక్నీషియన్: ఇవ్వొచ్చు, కానీ ముందు బయటినుంచి వచ్చే పాత రాగి తీగలు పూర్తిగా విడదీయాలి. లేకపోతే అటునుంచి 48 వోల్టులు, ఇటునుంచి పెట్టె వోల్టేజీ ఎదురెదురు పడి పెట్టెలోని ఫోను సాకెట్ కాలిపోవచ్చు.

హోస్ట్: రాగి లైను మీదే ఇంటర్నెట్ ఉన్నవాళ్ళకి స్ప్లిట్టర్ గొడవ ఉంటుంది కదా.

టెక్నీషియన్: డీఎస్ఎల్ వాళ్ళకి. మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య నడుస్తుంది, ఇంటర్నెట్ దానికి చాలా పైన, దాదాపు 25 కిలోహెర్ట్జ్ నుంచి మొదలు. ఆ ఇంటర్నెట్ సిగ్నల్ ఫోనులోకి రాకుండా ఆపేది ఫిల్టర్, స్ప్లిట్టర్ చేసే పనీ ఈ రెంటినీ విడదీయడమే. ఫోనుకి ఫిల్టర్ లేకపోతే మాటల వెనక 'స్స్స్' మంటుంది, రిసీవర్ ఎత్తినప్పుడల్లా నెట్ తెగుతుంది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకీ ఫిల్టర్ ఉండాలి, మోడెమ్‌కి మాత్రం ఉండకూడదు. మోడెమ్‌ను ఫిల్టర్ వెనక పెడితే నెట్టే రాదు.

హోస్ట్: ఎక్కువమంది చెప్పే కంప్లైంట్ రింగ్ రావట్లేదని. మనం చేస్తే కాల్ వెళ్తుంది, మనకి వచ్చినప్పుడు మోగదు.

టెక్నీషియన్: ముందు రింగర్ స్విచ్. హై, లో, ఆఫ్ అని పక్కన ఉంటుంది, తుడిచేటప్పుడు జరిగిపోతుంది. నవ్వొస్తుంది గానీ ఎక్కువసార్లు కారణం అదే. అది కాకపోతే ఒకే లైను మీద ఎన్ని ఫోన్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఫోను అడుగున 'ఆర్‌ఈఎన్' అని ఒక అంకె ఉంటుంది, ఆ ఫోను రింగు కరెంటులో ఎంత వాటా లాగుతుందో అది చెబుతుంది. పాత లోహపు గంట ఫోనుకి దాదాపు 1. కొత్తవాటికి అంతకన్నా బాగా తక్కువ ఉండొచ్చు. మామూలు రాగి లైను మొత్తం 4 లేదా 5 మోయగలదు, ఇంటర్నెట్ మీద ఫోను నడిపే చిన్న అడాప్టర్లు అంతకూడా మోయలేవు. మొత్తం దాటిందంటే గంట నీరసంగా మోగుతుంది, లేదా అసలు మోగదు. మాటలకి మాత్రం ఏ లోటూ ఉండదు, అందుకే జనం ఫోను పాడైందనుకుంటారు. మిగతావి పీకేసి ఒక్కటే ఉంచి, వేరే ఫోన్ నుంచి రింగ్ ఇచ్చి చూడండి.

హోస్ట్: నంబరు కనిపించే ఫోన్లలో ఒక్కోసారి నంబరు రాదు.

టెక్నీషియన్: లైనుకి కాలర్ ఐడీ సర్వీసు ఉండాలి, అది మొదటిది. ఉన్నా, చాలాచోట్ల నంబరు సమాచారం మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య వస్తుంది. మొదటి రింగుకే ఎత్తేస్తే అది తెర మీదికి రాకముందే తెగిపోతుంది. రెండో రింగు దాకా ఓపిక పట్టండి. తెర ఉన్న ఫోన్లలో కొన్నిటికి బ్యాటరీలు వేయాలి. అవి అయిపోతే తెర మసకబారుతుంది, దాచిన నంబర్లు పోతాయి, కాల్స్‌కి మాత్రం ఇబ్బంది ఉండదు.

హోస్ట్: ఇక గరగర.

టెక్నీషియన్: రిసీవర్ ఎత్తి ఏదో ఒక అంకె నొక్కండి, టోన్ ఆగాక కాసేపు నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో మెలికల వైరును రెండు కొసల దగ్గరా కదపండి. కదిపినప్పుడే గరగర వస్తే వైరుదే తప్పు. ఎక్కువగా తెగేది అక్కడే, ప్లగ్గు మెడ దగ్గర. కదపకపోయినా వస్తోందంటే ఇంట్లో వైరింగా, బయటి లైనా అన్నది తేల్చాలి. బయటి లైను ఇంట్లోకి వచ్చే పెట్టెలో చాలాచోట్ల టెస్ట్ సాకెట్ ఉంటుంది. అందులో పెడితే ఇంటి వైరింగ్ మొత్తం పక్కకి పోయి ఫోను నేరుగా బయటి లైనుకి తగులుతుంది. అక్కడ శుభ్రంగా ఉంటే తప్పు ఇంట్లోనే: తడి గోడ, పచ్చబారిన తీగ చివర, వదులైన స్క్రూ. అక్కడ కూడా గరగర ఉందంటే ఫిర్యాదు పెట్టండి, "టెస్ట్ సాకెట్లో చూశాను" అని కూడా చెప్పండి. గరగర కాకుండా 'మ్మ్మ్' అని సన్నగా మోగుతుంటే ఫోను వైరు కరెంటు వైరుకి ఆనుకుని చాలా దూరం పోతోందేమో, తీగల్లో ఒకటి ఎక్కడైనా తేమకి భూమికి తగులుతోందేమో వెతకాలి.

హోస్ట్: వాళ్ళ మాట మనకి వినిపిస్తుంది, మన మాట వాళ్ళకి పోదు.

టెక్నీషియన్: మ్యూట్ బటన్ చూశాక, రిసీవర్‌లోకి చిన్నగా ఊదండి. మన గొంతు కొంచెం మన చెవికే వినపడేలా ఫోను తయారుచేస్తారు. ఊదింది వినపడితే మైకు, వైరు బాగున్నట్టే. వినపడకపోతే వేరే మెలికల వైరు మార్చి చూడండి. అప్పటికీ లేకపోతే మైకు పోయింది.

హోస్ట్: కాల్ మాట్లాడుతుండగా ఇంకో కాల్ వస్తే, రిసీవర్ పెట్టే చోట ఉన్న మీటను టక్కున నొక్కి వదిలేవాళ్ళున్నారు.

టెక్నీషియన్: అలవాటున్నవాళ్ళకి సరే, లేనివాళ్ళు కాస్త ఎక్కువసేపు నొక్కి కాల్ తెంపేసుకుంటారు. ఫ్లాష్ బటన్ ఉన్నదే అందుకు, కొన్నిటి మీద 'ఆర్' అని ఉంటుంది. అది లైనును సరిగ్గా కొలిచినంతసేపే తెంపుతుంది. కొన్ని దేశాల్లో 100 మిల్లీసెకన్లు, కొన్నిచోట్ల 600. వేరే దేశం ఫోను తెచ్చుకున్నవాళ్ళకి ఫ్లాష్ పనిచేయకపోవడానికి ఇదే కారణం, సెట్టింగ్‌లో మార్చే వీలుంటే మార్చుకోవచ్చు.

హోస్ట్: గోడకి తగిలిస్తే రిసీవర్ జారి పడిపోతోందని అడిగారు.

టెక్నీషియన్: రిసీవర్ చెవి భాగం ఆనే చోట చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని బయటికి తీసి, తలకిందులు చేసి, మళ్ళీ దూర్చండి. అప్పుడు దాని కొన పైకి లేచి రిసీవర్‌ని పట్టుకుంటుంది. గోడ స్క్రూలు పూర్తిగా బిగించొద్దు, ఫోను వెనక గాళ్ళు వాటి తలల మీద కూర్చునేంత బయటికి ఉండాలి.

హోస్ట్: ఉరుములు మెరుపులప్పుడు?

టెక్నీషియన్: వైరు ఫోను ముట్టుకోకూడదు. పిడుగు లైను మీద పడితే ఆ తీగ నేరుగా మీ చెవి దగ్గరికే వస్తుంది. స్పీకర్లో మాట్లాడినా బటన్లు నొక్కడానికి చెయ్యి పెట్టాలి కదా. ఉరుములు మొదలవకముందే గోడ దగ్గర ప్లగ్గు తీసేస్తే ఫోనూ మిగులుతుంది. ఉరుములు మొదలయ్యాక తీయడానికి కూడా వెళ్ళొద్దు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి పెట్టుకోండి.

హోస్ట్: చివరగా, ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక్క బటన్‌తో ఫోన్ వెళ్ళేలా పెట్టాలంటే?

టెక్నీషియన్: చాలా మోడళ్ళలో రిసీవర్ ఎత్తి, స్టోర్ నొక్కి, నంబరు కొట్టి, మళ్ళీ స్టోర్, తర్వాత ఎం1 లాంటి బటన్. వరస మోడల్‌ని బట్టి మారుతుంది, కాగితం చూసుకోండి. బయటి లైను కోసం ముందు 9 నొక్కాల్సిన చోట, 9 తర్వాత పాజ్ ఒకటి చేర్చండి, లేదంటే లైను దొరికేలోపే మిగతా అంకెలు పోతాయి. పెట్టాక ఆ బటన్‌తోనే ఒకసారి కాల్ చేసి చూడండి. నంబర్లు ఒక కాగితం మీద రాసి ఫోను అడుగున అంటించండి, బ్యాటరీ ఉన్న మోడళ్ళలో బ్యాటరీ మార్చినప్పుడు అవి చెరిగిపోతుంటాయి.