ఎండ కాసిన రోజే కాలువ మూత ఎత్తాలి

యాంకర్: అన్నా, తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో వీధులే ఏరులయ్యాయి. మరి వాననీటి కాలువలోకి మురుగు, ఆయిల్ వదులుతున్నారా అని షాపులు, హోటళ్ల తనిఖీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇన్‌స్పెక్టర్: ఆగస్టు, సెప్టెంబరులోనే. అదీ వాన ఆగి 72 గంటలైనాక. అప్పటికీ వాననీటి కాలువ పారతా ఉందంటే పైపన్నా పగిలుండాల, ఎవరన్నా వదులుతా ఉండాల. నురగ ఉంటే బండ్లు కడిగే చోటు, రంగులు తేలే జిడ్డయితే మెకానిక్ షెడ్డు, తెల్లగా ఉంటే సిమెంటో పెయింటో అని అనుమానించొచ్చు. ఇంక ఒక్కో మూత ఎత్తుకుంటా నీళ్లు వచ్చే వైపు పోవడమే.

యాంకర్: ఓనరు 'మా పైపు వాన కాలువకు కాదు, డ్రైనేజీకే (మురుగు పైపులైనుకే) పోతాది' అంటే?

ఇన్‌స్పెక్టర్: వాదనెందుకు? సింకులో ఫ్లోరెసిన్ అని, నీళ్లను ఆకుపచ్చగా మార్చే రంగు కొంచెం వేసి, బకెట్ నీళ్లు పోసి, బయట కాలువ దగ్గర ఒకరిని, డ్రైనేజీ మూత దగ్గర ఒకరిని నిలబెట్టండి. ముందే ఆఫీసుకు చెప్పండి, లేకుంటే పచ్చనీళ్లు చూసి జనం ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

యాంకర్: హోటళ్లలో ఏం చూడాలి?

ఇన్‌స్పెక్టర్: గ్రీజు ట్రాప్, అంటే వంటింటి నీళ్లలో జిడ్డును ఆపే తొట్టి. ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు, మూత తీయించాల. కర్ర దించి పైన జిడ్డు, అడుగున మడ్డి కొలవండి. రెండూ కలిపి లోతులో నాలుగో వంతుకు వస్తే, అంటే 80 సెంటీమీటర్ల ట్రాప్‌లో 20కి, ఖాళీ చేయాల్సిందే. కొందరు మరిగే నీళ్లు పోసి 'శుభ్రం చేసినాం' అంటారు. ఆ జిడ్డు కరిగి ముందుకు పోయి, చల్లారినాక పైపులో గడ్డకడతాది.

యాంకర్: మెకానిక్ షెడ్లలో?

ఇన్‌స్పెక్టర్: వాడేసిన ఆయిల్ డ్రమ్ము రేకుల కింద, తొట్టిలో ఉండాల. 200 లీటర్ల డ్రమ్ముకు 220 లీటర్లు పట్టే తొట్టి. తొట్టి వాల్వు తెరిచి పెట్టేస్తారు, అప్పుడు తొట్టి ఉండీ దండగే. ఒలికితే రంపపు పొట్టు చల్లి ఊడ్చాల, పైపు పెట్టి కడగకూడదు. ఆయిల్‌ను 90 రోజుల్లోపు అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇచ్చినట్టు రసీదు అడగండి.

యాంకర్: నోటీసులో?

ఇన్‌స్పెక్టర్: 'పరిశుభ్రత పాటించాలి' అని రాస్తే ఏమీ జరగదు. 'వెనక సింకు పైపు కాలువ నుంచి తీసి డ్రైనేజీకి కలపాలి' అని గడువు తేదీతో రాయండి. పారే మురుగు మాత్రం అదే రోజు ఆపించాల. గడువైనాక మొదటి ఫోటో తీసిన చోటే నిలబడి ఇంకోటి తీయండి.

యాంకర్: చెప్పకుండా పోవాలా?

ఇన్‌స్పెక్టర్: రెండోసారి చెప్పకుండానే. పొద్దున 11కు పోతే అన్నీ ఆరిపోయి ఉంటాయి, గిన్నెలు, నేల కడిగేది రాత్రి మూసేటప్పుడు. ట్రాప్ చూడాలంటే సోమవారం పొద్దున్నే. శని, ఆదివారాల యాత్రికుల రద్దీ తట్టుకుందో లేదో అప్పుడు తెలుస్తాది.