‘నిల్’ అని రాయకండి

వేదిక మీది పెద్దలకు నమస్కారం. టైము తక్కువిచ్చారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను. టాంటలం, నయోబియం లాంటి అతి వేడికి గానీ కరగని లోహాల్లో లేశమాత్రపు మలినాల్ని కొలవడం గురించి చెప్పమన్నారు. మన నెల్లూరోళ్లకిది పరాయి సంగతేం కాదు. సైదాపురం వైపు మైకా నేలల్లో దొరికే నల్లటి సమర్‌స్కైట్ అనే ఖనిజంలో ఈ రెండూ ఉంటాయి, యురేనియంతో సహా.

ముందు నా గొడవ చెప్పేస్తా. రిపోర్టులో ఇనుముకెదురుగా ‘నిల్’, అంటే అసలేమీ లేదని రాస్తారు. అదేందయ్యా! ఏ మిషనూ నిల్ అని చెప్పదు. పది బ్లాంకులు, అంటే లోహం వేయని ఖాళీ పరీక్షలు, నడపండి. ఆ అంకెల స్టాండర్డ్ డీవియేషన్‌కి, అంటే వాటి చెదురుకి, మూడు రెట్లు మీ డిటెక్షన్ లిమిట్, అంటే మీరు నమ్మకంగా పట్టగల కనీస మోతాదు. దానికి లోపలుంటే ‘ఇంతకన్నా తక్కువ’ అని ఆ అంకె వేసి రాయండి.

బ్లాంకంటే ఉత్త నీళ్లు కాదు. లోహపు ముక్క తప్ప అన్నీ ఉండాలి: అవే యాసిడ్లు, అదే బీకరు, అంతే వేడి. కిటికీ తెరిచిపెడితే మన సముద్రపు గాలి సోడియాన్ని మోసుకొచ్చేస్తుంది, అదీ బ్లాంకులోనే బయటపడాలి.

రంపంతో కోసిన టాంటలానికి ఇనుము అంటుకుని ఉంటుంది. తూచే ముందే హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ మిశ్రమంలో పైపొర కరిగించి, కడిగి, ఆరబెట్టాలి. 0.1 గ్రాము తూచి టెఫ్లాన్ బీకర్లో వేయండి. గాజైతే హైడ్రోఫ్లోరిక్ దాన్నే తినేసి సిలికాన్, బోరాన్ మీ లెక్కలో కలిపేస్తుంది. ఐసీపీ అంటే ద్రావణాన్ని అతి వేడి ప్లాస్మాలోకి పంపి మూలకాల్ని కొలిచే మిషను; దాని లోపల ద్రావణాన్ని తుంపర చేసే గాజు స్ప్రే చాంబరుకీ అదే గతి. ముందు హైడ్రోఫ్లోరిక్, ఆ తర్వాత నైట్రిక్ చుక్కచుక్కగా. ఒక్కసారే పోశారా, గోధుమ పొగతో పొంగి శాంపిల్ బయటపడుతుంది. హైడ్రోఫ్లోరిక్ చాలకపోతే నీళ్లు కలిపాక తెల్లటి మడ్డి దిగుతుంది, మలినాలు కొన్ని దాంతోపాటే పోతాయి. వెనక బెంచీ అబ్బయలూ, ఇది వినండి: పక్కన కాలిన చోట రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా హైడ్రోఫ్లోరిక్ సీసా మూత తీయొద్దు. పలచటి యాసిడ్ అయితే కాలిన సంగతి కొన్ని గంటలదాకా తెలియకపోవచ్చు.

ఆ 0.1 గ్రామును 100 మిల్లీలీటర్లకు పలచన చేస్తే ద్రావణంలో 1 పీపీబీ (వంద కోట్లలో ఒక వంతు) అంటే లోహంలో 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు). అంటే బ్లాంకులో చేసిన పొరపాటు కూడా వెయ్యి రెట్లవుతుంది!

పరమాణువుల్ని బరువును బట్టి లెక్కపెట్టే ఐసీపీ-ఎంఎస్ టాంటలంలో బంగారం చూపిస్తే పండగ చేసుకోకండి. 181 బరువున్న టాంటలం పరమాణువుకి 16 బరువున్న ఆక్సిజన్ తోడైతే 197, సరిగ్గా బంగారం పరమాణువు బరువు. నయోబియం 93కి 16 కలిస్తే 109, వెండి అనిపిస్తుంది. వెండికైతే దాని ఇంకో ఐసోటోపు (వేరే బరువున్న అదే మూలకం) 107 చూసుకోవచ్చు. బంగారానికి సహజంగా దొరికే ఇంకో ఐసోటోపే లేదు.

ఇంకొకటి. సర్టిఫికెట్లో 99.99 అని ఉంటే అది చాలాసార్లు నూటిలోంచి లోహ మలినాల్ని మాత్రమే తీసేసి వేసిన లెక్కే. ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ అందులో కలపరు. టాంటలాన్ని పెళుసుబార్చే వాటిల్లో ఆ ఆక్సిజనొకటి. దాన్ని కొలవడానికి యాసిడ్లు పనికిరావు. ముక్కను ఆకురాయితో గీకి, నికెల్ తోడుగా గ్రాఫైట్ మూసలో హీలియం వాయువు పారుతుండగా కరిగించాలి. అక్కడా ముందు ఖాళీ మూసతో, నికెల్‌తో బ్లాంకు.

మధ్యాహ్నం ల్యాబులో మొదట బ్లాంకులే పెడతాం. ఐదు కాదు, పది.