ఐదు వందల ఫైను

(తిరుపతిలో పోటీ పరీక్షలకు చదువుతున్న విద్యార్థుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరంగా పెట్టుకుంటాను, కోర్టులో గట్టిగా మాట్లాడే అలవాటు పోలేదు.

పాత కేసు రికార్డులోంచి తీసేయించుకోవడం ఎలా అన్న దాని మీద మాట్లాడమన్నారు. ముందు నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాను. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

2017 మే నెల, గంగ జాతర. దొర వేషం రోజు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒంటినిండా గంధం పూసుకుని స్నేహితులతో తిరుగుతున్నాడు. తోపులాటలో మాటామాటా పెరిగింది, చెయ్యి లేచింది, ఎదుటివాడి పెదవి చిట్లింది. పాత ఐపీసీ 323, అంటే కొట్టి గాయపరిచారన్న సెక్షన్ కింద కేసు. కుర్రాడి తరఫు లాయర్ని నేనే. ఆ దెబ్బ తిన్నతను తర్వాత బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయాడు, వాయిదాలకు రావడం లేదు. మావాడికేమో ప్రతి వాయిదాకీ కాలేజీ పోతోంది. చివరికి ఒక లోక్ అదాలత్ రోజు నేనే చెప్పాను: "ఎందుకురా నాయనా ఈ తిరుగుడు, ఒప్పేసుకో, ఫైన్ కట్టేసి పోదాం." ఐదు వందలు కట్టాడు. బయటికొచ్చి ఇద్దరం టీ తాగాం. కేసు అయిపోయిందనుకున్నాం.

ఎనిమిదేళ్ల తర్వాత ప్రభుత్వ ఉద్యోగానికి సెలక్టయ్యాడు. అటెస్టేషన్ ఫారంలో ఒక గడి ఉంటుంది: మీకు ఎప్పుడైనా ఏ కోర్టులోనైనా శిక్ష పడిందా? ఫోన్ చేసి "అన్నా, లేదు అని రాసేయనా? కేసు రాజీ అయింది కదా" అన్నాడు. నాకు గొంతులో వెలక్కాయ పడింది.

ఎందుకంటే అది రాజీ కాదు. ఇక్కడే మనవాళ్లు చాలామంది పప్పులో కాలేస్తారు. లోక్ అదాలత్ రోజు ఒకే హాల్లో, ఒకే గంటలో రెండు రకాల కేసులు అయిపోతుంటాయి. మొదటిది రాజీ. దెబ్బ తిన్నవాడు వచ్చి నాకు అభ్యంతరం లేదంటాడు, కోర్టు నమోదు చేస్తుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 359 ప్రకారం అలాంటి రాజీకి నిర్దోషి అని తీర్పు వచ్చినంత విలువ. రెండోది నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడం. ఫైన్ ఐదు వందలైనా, వందైనా, అది శిక్షే. రెండు రకాలవాళ్లూ ఒకే గుమ్మంలోంచి నవ్వుతూ బయటికొస్తారు, తేడా ఆర్డరులో ఉంటుంది. అందుకే మీలో ఎవరికైనా పాత కేసు ఉంటే ఈ వారమే కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీ తీసుకుని చదవండి. మీ లాయరు చెప్పింది నమ్మొద్దు. నాలాంటివాళ్లు కూడా ఉంటారు!

2024 జులై 1 నుంచి కొత్త చట్టాల్లో సమాజ సేవ అనే శిక్ష వచ్చింది. తాగి రోడ్డు మీద గొడవ చేస్తే జైలుకు బదులు ఆ పని చేయించొచ్చు. ఊడ్చి వచ్చేశాం కదా అని తేలిగ్గా తీసుకోకండి, అదీ శిక్షల పట్టికలో ఉన్నదే.

సరే, పడిన శిక్షను చెరిపేయించుకోవచ్చా? బ్రిటన్‌లో 1974లోనే ఒక చట్టం తెచ్చారు. చిన్న శిక్షలైతే కొన్నేళ్లు బుద్ధిగా ఉంటే చాలు, చాలా ఉద్యోగాలకు ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి కోర్టుకు దరఖాస్తు పెట్టి రికార్డు మూయించుకునే పద్ధతి ఉంది. మీ అన్నలో అక్కలో అక్కడుంటే ఒక మాట చెప్పండి: రాష్ట్ర కోర్టు కొట్టేసినా, అక్కడి ఇమిగ్రేషన్ చట్టం చాలా సందర్భాల్లో దాన్ని శిక్ష కిందే లెక్కేస్తుంది.

మన దేశంలో పెద్దవాళ్లకు అలాంటి చట్టమే లేదు. ఇన్నేళ్లు గడిస్తే మాసిపోతుందన్న మాట ఎక్కడా రాయలేదు. ఎమ్మెల్యేకి రెండేళ్లో అంతకు మించో జైలు పడితే, విడుదలైన ఆరేళ్లకు మళ్లీ పోటీ చేయొచ్చని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. ఐదు వందలు ఫైన్ కట్టిన గుమాస్తాకు మాత్రం గడువు లేదు. నాకిది ఎప్పటికీ మింగుడుపడదు.

పిల్లల విషయంలో చట్టం మనసు పెట్టింది. పద్దెనిమిది నిండకముందు జరిగిన దానికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అనర్హత అంటదు. అప్పీలు గడువూ చట్టం చెప్పిన కాలమూ దాటాక రికార్డును నాశనం చేయాలి. పదహారు దాటినవాడు ఘోరమైన నేరం చేసి పెద్దవాడిలా విచారణకు వెళ్తేనే మినహాయింపు.

పెద్దవాళ్లకు ఉన్న దారి 1958 ప్రొబేషన్ చట్టం. మొదటిసారి చిన్న నేరం చేసినవాణ్ని మందలించి వదిలేయొచ్చు, మంచి నడవడికకు బాండు రాయించుకుని పంపొచ్చు. ఇరవై ఒకటి నిండనివాడైతే, జీవిత ఖైదు పడేంత నేరం కాకపోతే, ప్రత్యేక కారణాలు రాయకుండా జైలుకు పంపకూడదు. అలా వదిలేసినవాడికి, శిక్ష వల్ల వచ్చే అనర్హతలు ఉండవని 12వ సెక్షన్ అంటుంది. మావాడికప్పుడు ఇరవై ఏళ్లు, అంతకుముందు ఏ కేసూ లేదు. కోర్టును ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నేను అడగలేదు, ఆ రోజు నాకు ఇంకో మూడు కేసులున్నాయి.

12వ సెక్షన్ ఉన్నా అంతా మాసిపోయినట్టు కాదు. ఢిల్లీ పాల సరఫరా సంస్థలో ఒక క్యాష్ క్లర్కు ఐదు వందల రూపాయలు వాడుకున్నాడు. తర్వాత కట్టేశాడు, కోర్టులో ఒప్పుకున్నాడు. ఇంట్లో వరసగా కష్టాలు. మేజిస్ట్రేటు జాలిపడి ప్రొబేషన్ మీద వదిలేశాడు. అయినా ఉద్యోగం ఊడింది. 1985లో సుప్రీంకోర్టు ఏమందంటే, 12వ సెక్షన్ ఉద్యోగం పోకుండా ఆపదు, కానీ ఇంత చిన్న దానికి ఉద్యోగం తీసేయడం అన్యాయం అని. ఆయన్ని పాత జీతంతో సహా తిరిగి తీసుకోమంది. సెక్షన్ ఆయన ఉద్యోగాన్ని కాపాడలేదు, మేజిస్ట్రేటు ఆర్డర్లో రాసిన ఆ ఇంటి కష్టాలు సుప్రీంకోర్టు దాకా పనికొచ్చాయి. మీ కష్టం ఏదైనా ఉంటే నోటితో చెప్పి ఊరుకోకుండా ఆర్డర్లో రాయించుకోండి.

ఇంటర్నెట్లో పేరు సంగతి కూడా అడిగారు. నిర్దోషిగా బయటపడ్డ ఒకతని పేరు తీర్పులోంచి తీసేయాలని మద్రాస్ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పింది. జులైలో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. నిర్దోషి పరిస్థితే అలా ఉంటే, శిక్ష పడ్డవాడి మాట వేరే చెప్పాలా? పాస్‌పోర్టుకు మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు. గత ఐదేళ్లలో నైతిక పతనం కిందికొచ్చే (మోసం, దొంగతనం లాంటి) నేరానికి కనీసం రెండేళ్ల జైలు పడి ఉంటే ఆపుతారు. ఫైన్‌కు ఆ నిబంధన వర్తించదు. రౌడీ షీట్ వేరే సంగతి, అది పోలీసుల రిజిస్టరు, కోర్టు తీర్పు కాదు.

ఇక ఆ ఫారం. "లేదు అని రాసేయనా అన్నా?" వద్దన్నాను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఈ చిక్కంతా విప్పి చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్ప విషయమైతే, దాచినా యజమాని క్షమించొచ్చు. నిజం రాసినా యజమాని పరిశీలించి వద్దనుకోవచ్చు, అదీ ఉంది. కానీ దాచి దొరికితే, కేసు చిన్నదా పెద్దదా అన్న ప్రశ్న పక్కకు పోయి నీ నిజాయితీ ప్రశ్న అవుతుంది. అందుకని అవును అని రాయించి, సర్టిఫైడ్ కాపీ జత చేయించాను. ఫైన్, కొట్లాట, వయసు ఇరవై, తర్వాత ఏ కేసూ లేదు అని ఒక పేజీ వివరణ కూడా పెట్టాం.

దాంతో పాటు సెషన్స్ కోర్టులో రివిజన్ వేశాను, అంటే కింది కోర్టు ఆర్డరు సరిగ్గా ఉందో లేదో చూడమని పై కోర్టును అడగడం. నేరం ఒప్పుకున్నవాడికి మేజిస్ట్రేటు తీర్పు మీద అప్పీలు, శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంత వరకే. రివిజన్లో అయితే రాజీకి సెషన్స్ కోర్టు అనుమతి ఇవ్వగలదు, ప్రొబేషన్ కూడా ఇవ్వగలదు. గడువు తొంభై రోజులు, మేం వెళ్లింది ఎనిమిదేళ్లకు. ఆలస్యం మన్నించమని డిలే పిటిషన్ వేశాను. కారణం దగ్గర ఏం రాయాలని రెండు రోజులు ఆలోచించాను. చివరికి లాయరు సలహా వల్ల అని రాసి, నా పేరుతో నేనే అఫిడవిట్ ఇచ్చాను. పెదవి చిట్లినతన్ని కూడా వెతికి పట్టుకున్నాం, ఇప్పటికీ బెంగళూరులోనే ఉన్నాడు. "ఆ గొడవ నేనెప్పుడో మర్చిపోయాను సార్, ఏ తారీఖు రావాలో చెప్పండి" అన్నాడు.

ఆలస్యం ఇంకా మన్నించలేదు. ప్రభుత్వ న్యాయవాది కౌంటర్, అంటే మా పిటిషన్‌కు జవాబు వేయాలి. వచ్చే నెల వాయిదా.

ప్రశ్నలుంటే అడగండి. ఫైన్ కట్టినవాళ్లు అందరి ముందూ అడగాలని లేదు, కిందికొచ్చాక చెప్పండి. డబ్బు లేక ఆగొద్దు, 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఉచితంగా పెడతారు.