రాతిలోంచి వచ్చే విషం: నల్లగొండ బావినీటిలో ఫ్లోరైడ్

సభకు నమస్కారం.

బావినీటి కాలుష్యం అనగానే మన దృష్టి ఫ్యాక్టరీ గొట్టాల మీదికీ పురుగుమందుల మీదికీ పోతుంది. ఆ భయం అకారణమని నేను అనను. అయితే నల్లగొండ జిల్లాలో తరాల తరబడి మనుషుల ఎముకలను వంచిన ఫ్లోరైడ్‌ను ఏ పరిశ్రమా వదలలేదు. అది అక్కడి గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచే నీటిలో కరుగుతోంది. నీటిలో బైకార్బొనేటు ఎక్కువగానూ కాల్షియం తక్కువగానూ ఉన్నచోట, రాతి పగుళ్లలో నీరు చాలాకాలం నిలిచినచోట ఆ కరగడం మరింత జోరుగా సాగుతుంది. కనుకనే వానకు నిండే పాత బావుల కంటే లోతైన బోర్లలో తరచుగా ఫ్లోరైడ్ హెచ్చుగా ఉంటుంది. ఒకే వీధిలోని రెండు బోర్ల నీరైనా ఒకేలా ఉండాలని లేదు.

ఫ్లోరైడ్ వల్ల ఎముకలకూ పళ్లకూ వచ్చే ఈ జబ్బును (ఫ్లోరోసిస్) మన దేశంలో వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు సహించవచ్చుననీ భారత ప్రమాణం చెబుతోంది.

హద్దు దాటిన నీటి ఆనవాలు మొదట పిల్లల పళ్ల మీద కనబడుతుంది. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల రూపుకట్టే వయసులో ఆ నీరు తాగిన పిల్లలకు, సుద్ద పూసినట్టు తెల్లమచ్చలతోనో, అడ్డంగా సాగిన గోధుమరంగు చారలతోనో పళ్లు మొలుస్తాయి. రంగు పింగాణీ పొరలోనే ఉంది కాబట్టి ఎంత తోమినా పోదు. ఎముకలకు మాత్రం వయసుతో నిమిత్తం లేదు: ఏళ్ల తరబడి తాగినవారికి మెడ, నడుము బిగుసుకుపోయి, పక్కకు చూడాలన్నా మనిషి మొత్తం తిరగవలసి వస్తుంది. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తాకడాన్ని గుర్తించారు. తిండిలో కాల్షియం చాలని ఇళ్లలో ఈ నష్టం మరింత తీవ్రం.

కాచి తాగితే చాలుననే నమ్మకం ఇక్కడ చేటు చేస్తుంది. మరిగితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరైపోదు. నీరు ఇగిరినకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన శుద్ధి విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరుంది. ఒక జిల్లా పేరు ప్రపంచానికి ఇలా తెలియడం మనం గర్వించదగ్గ సంగతేమీ కాదు. బకెట్ నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నెమ్మదిగా కలిపి, మడ్డి అడుగుకు దిగేదాకా కదపకుండా ఉంచి, పైతేటను మాత్రమే వంచుకోవాలి. ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. ప్రయోగశాల పరీక్ష లేకుండా ఉజ్జాయింపుగా వేస్తే ఫ్లోరైడ్ తగ్గకపోవచ్చు, పైగా అల్యూమినియం నీటిలో మిగిలిపోవచ్చు. అడుగున మిగిలిన మడ్డిని బావిగట్టు దగ్గర పారబోయకూడదు.

ఇప్పుడు శుద్ధిచేసిన కృష్ణా నీరు నల్లాల ద్వారా చాలా ఊళ్లకు చేరింది. మేలైన పరిష్కారం అదే. అయితే తాగడానికి నల్లా నీళ్లు, వంటకు బోరు నీళ్లు అని విభజించుకుంటే ప్రయోజనం సగమే, ఎందుకంటే అన్నంలో, పప్పులో, టీలో ఇంకిన ఫ్లోరైడ్ కూడా ఒంట్లోకే చేరుతుంది. పరీక్షలో హద్దు దాటిన చేతిపంపుకు ఎర్రరంగు పూయించండి. ఆ నీటితో స్నానం చేయవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు. తాగడానికీ వంటకూ మాత్రం వాడకండి.