మార్స్ మీద షటిల్ దండగ! రైలే కావాలి!

నమస్తే అండీ. సూటిగా విషయానికొస్తా. మార్స్ మీద కాలనీ కట్టి నడిపే సర్వైవింగ్ మార్స్ గేమ్‌లో రైళ్లను చంపింది షటిల్, అంటే మనుషుల్నీ సరుకునీ మోసే ఎగిరే బండి. ఇంకెవరూ కాదు, షటిలే!

గొడవ ఏంటంటే. 2018 మార్చిలో హేమిమాంట్ గేమ్స్ వాళ్లు ఈ గేమ్ తెచ్చారు. నాలుగేళ్ల తర్వాత, 2022లో, మార్షియన్ ఎక్స్‌ప్రెస్ అని డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన డీఎల్‌సీగా (గేమ్‌కు అదనపు భాగంగా) రైళ్లు దిగాయి. అది చేసింది అబ్‌స్ట్రాక్షన్ అనే ఇంకో స్టూడియో. స్టేషన్ కట్టు, పట్టా వెయ్యి, మనుషుల్నీ సరుకునీ పంపు. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో రివ్యూలు ఏకిపారేశాయి. "షటిల్ ఉండగా రైలెందుకు?" అని ఒకటే గోల.

నేను తిరగేసి అడుగుతున్నా. పట్టా వెయ్యగలిగే చోట షటిల్ ఎందుకండీ?

ఒక్కసారి మీ కాలనీ చూడండి. షటిల్ ఎగరాలంటే ఇంధనం కావాలి. ఇంధనం రిఫైనరీలో తయారవుతుంది. రిఫైనరీకి ఏం పొయ్యాలి? నీళ్లు! డోమ్‌లో, అంటే కాలనీ జనం బతికే గుమ్మటంలో, తాగే నీళ్లు, పంటకు పెట్టే నీళ్లు! దుమ్ము తుఫాను వచ్చిందంటే గాల్లోంచి నీళ్లు తీసే మాయిశ్చర్ వేపరేటర్లు ఆగిపోతాయి. ట్యాంకులో మట్టం తగ్గిపోతూ ఉంటుంది, చూస్తుంటేనే టెన్షన్. అలాంటి చోట నీళ్లను మండించి నాలుగు మూటలు అవతలికి మొయ్యడం ఏం ప్లానింగ్? కరెంటు రైలుకు చుక్క నీరు అక్కర్లేదు.

అసలు మార్స్ మీద ఎగరడం మాటలా? అక్కడి గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో ఒక శాతం కూడా లేదు. నాసా వాళ్ల ఇంజెన్యుయిటీ హెలికాప్టర్ 2021 ఏప్రిల్ 19న మొదటిసారి ఎగిరింది. దాని బరువు భూమి మీద 1.8 కిలోలు. అంత చిన్నదాన్ని లేపడానికే రెక్కలు నిమిషానికి 2,400 చుట్లకు పైగా తిరగాల్సి వచ్చింది. గేమ్‌లో షటిల్ మాత్రం మనుషుల్నీ సరుకునీ ఎక్కించుకుని ఝామ్మని పోతుంది!

రైలు సంగతి వినండి, అసలు మజా ఇక్కడుంది. మార్స్ మీద ఆకర్షణ మన దాంట్లో 38 శాతం. బరువు తగ్గింది కాబట్టి చక్రానికి పట్టు తగ్గుతుంది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి లాగే బలం కూడా అంతే తగ్గుతుంది. అంటే పట్టు వరకు చూస్తే ఇక్కడ ఎక్కే ఎత్తు అక్కడా ఎక్కుతుంది. చిక్కల్లా బ్రేకు దగ్గరే. అదే వేగంలో ఉన్న రైలు ఆగాలంటే రెండున్నర రెట్లకు పైగా దూరం కావాలి. ఎంత మంచి గేమ్‌ప్లే అండీ ఇది! స్టేషన్ ఎక్కడ పెట్టాలి, మలుపు ఎక్కడ తిప్పాలి, బరువు ఎంత ఎక్కించాలి, అన్నీ ఆలోచించాలి. దీన్నంతా వదిలేశారు.

ఫ్యాక్టరీలు కట్టే ఫ్యాక్టోరియో గేమ్ చూడండి. అక్కడ కూడా మనం ముక్కూ మొహం తెలియని గ్రహం మీద కూలిపోయినవాళ్లమే. రైలు కోసమే ఆ గేమ్ ఆడేవాళ్లున్నారు! సిగ్నల్ తప్పు పెడితే రైళ్లన్నీ ఒకదాని వెనకొకటి ఇరుక్కుపోతాయి, పట్టా దాటుతూ పరాకుగా ఉంటే మనల్నే గుద్దేస్తాయి. అయినా జనానికి పిచ్చి. 2024లో దానికి స్పేస్ ఏజ్ అనే డీఎల్‌సీ వచ్చినప్పుడు ఎత్తు మీద వేసే పట్టాలు కూడా ఇచ్చారు. ఖనిజం దూరంగా ఉంటుంది, రైలు లేకపోతే ఫ్యాక్టరీ పెరగదు. అవసరం పుట్టించారు, అందుకే ప్రేమ పుట్టింది.

సర్వైవింగ్ మార్స్‌లో ఆ అవసరాన్నే షటిల్ హబ్, అంటే షటిల్‌లు ఉండే కేంద్రం, మింగేసింది. హబ్ పెట్టాక సరుకు దానంతటదే తిరుగుతుంటే పట్టా ఎవడు వేస్తాడు? 2025లో ఈ గేమ్‌నే రీలాంచ్డ్ అని పాత డీఎల్‌సీలన్నీ కలిపి మళ్లీ తెచ్చారు కదా. ఇంకో డోమ్, ఇంకో బొమ్మ నాకొద్దు. రైలును ఆట మొదట్లోనే ఇవ్వండి, షటిల్‌ను చివర్లో ఇవ్వండి. కొండలు అడ్డొచ్చి పట్టా పోలేని చోటికి మాత్రమే అది ఎగరాలి.

నమ్మకం లేకపోతే ఈసారి ఒక్క షటిల్ హబ్ కూడా కట్టకుండా కాలనీ మొదలుపెట్టండి. మీ మొదటి లైన్ ఏ డోమ్ నుంచి ఏ గనికి వేశారో కింద కామెంట్‌లో రాయండి. ప్రతి ఒక్కటీ చదువుతా.