ఆకలి మనసును మార్చినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

యువతులలో ఆహారానికి సంబంధించిన మానసిక రుగ్మతలు కనిపించినప్పుడు, అందం మీది వ్యామోహమే కారణమని చాలామంది తేలికగా అనేస్తారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. అనొరెక్సియా, అంటే బరువు పెరుగుతుందన్న భయంతో తిండిని విపరీతంగా తగ్గించుకునే రుగ్మత, మానసిక వ్యాధులలో అత్యధికంగా ప్రాణాలు తీసేవాటిలో ఒకటి; దాని వెనుక తరచుగా చిన్ననాటి నుంచీ వెంటాడే ఆందోళన, చిన్న పొరపాటుకైనా తనను తాను క్షమించుకోలేని స్వభావం, తన విలువను బరువుతోనే కొలుచుకునే అలవాటు ఉంటాయి.

అటువంటి మనసుకు కడుపు మాడ్చుకోవడం కూడా తోడైతే ఏమవుతుంది? ఆకలి ఒక్కటే ఎంత పని చేయగలదో 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం ప్రారంభించిన ప్రయోగం చూపించింది. మనస్సాక్షి ఒప్పక యుద్ధంలో పోరాడడానికి నిరాకరించిన యువకులలో నుంచి, శరీరమూ మనసూ దృఢంగా ఉన్న 36 మందిని ఏరి, వారి ఆహారాన్ని 24 వారాలపాటు దాదాపు సగానికి తగ్గించారు. సన్నబడాలన్న కోరికతో వచ్చినవారు కారు వారు. అయినా వారాలు గడిచేకొద్దీ వారి ధ్యాసంతా తిండి మీదే నిలిచింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు, భోజనాన్ని ఎంతోసేపు సాగదీశారు, పళ్లేలు నాకారు, చిరాకుతో, దిగులుతో తోటివారికి దూరంగా జరిగారు. తిండి మళ్లీ పెంచిన తరువాత కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. ఇదంతా ఆకలి చేసిన పని. కేవలం ఆకలి చేసిన పని.

ఇక, తనను తాను ఎన్నడూ మెచ్చుకోలేని అమ్మాయి తిండి తగ్గించినప్పుడు, మొదటి కొన్ని కిలోలు తగ్గగానే చుట్టూ ఉన్నవారి పొగడ్తలు మొదలవుతాయి. ఎంత చేసినా చాలదనిపించే ఆ మనసుకు, ఇదొక్కటైనా సాధించగలిగానన్న నమ్మకం కలుగుతుంది. అప్పటికే ఆకలి ఆమె ఆలోచనను బిగించడం ప్రారంభించి ఉంటుంది కనుక, "కాస్త తినమ్మా" అన్న మాట ఆమెకు సహాయంగా కాక, దక్కిన ఒక్క విజయాన్నీ లాక్కోవడంగా వినిపిస్తుంది.

అందుచేత ఈ రోజు నేను కోరేది ఒక్కటే. "సన్నబడ్డావే, బాగున్నావు" అన్న పొగడ్తను మానండి. లావైనా, సన్నమైనా శరీరం మీద వ్యాఖ్య మానండి. ఆమె నలుగురితో కలిసి తినడం తప్పించుకుంటూ ఉన్నా, తిన్న వెంటనే స్నానాల గదికి వెళుతూ ఉన్నా, ప్లేటును కాక మనసును గురించి, ఏకాంతంలో, నిదానంగా అడగండి. నెలసరి ఆగిపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఆమె అంగీకారం కోసం వారాల తరబడి ఎదురుచూడక వైద్యుని వద్దకు తోడుగా వెళ్లండి.